పెళ్లివారు లేని పెళ్లి పాట

ఏడాదిపాటు బడి మాన్పించిన మెదడువాపు జబ్బే ఆ పిల్లాడి చేతికి గిటార్ అందించింది. ఊరు అమెరికాలోని విన్‌స్టన్ సేలం. పేరు టిమ్ స్పార్క్స్. కొండప్రాంతపు చిన్న చర్చిలో బామ్మ పియానో మీద వాయించే భక్తిగీతాలూ, చుట్టుపక్కల వినిపించే బ్లూస్ పాటలూ... విన్నవన్నీ తీగల మీద పలికించేవాడు. పెద్దయ్యాక జాజ్ బాట పట్టాడు. 1993లో జాతీయ ఫింగర్‌స్టైల్ గిటార్ పోటీ గెలిచాడు.

మరి చర్చి పాటలతో పెరిగినవాడు యూదుల సంగీతం దగ్గరికి ఎలా వచ్చాడు? న్యూయార్క్ సంగీతకారుడు జాన్ జోర్న్ తన జాడిక్ సంస్థ కోసం పిలిచాడు. అలా 1999లో వచ్చిందే ‘నెషామా’. హీబ్రూలో ఆ మాటకు ‘ఆత్మ’ అని అర్థం.

తూర్పు యూరప్ యూదుల పెళ్లిళ్లలో వాయించేవాళ్లను క్లెజ్మర్లు అంటారు. రెండో ప్రపంచయుద్ధంలో నాజీలు ఆ పెళ్లిళ్లు జరిగే ఊళ్లకు ఊళ్లనే ఖాళీ చేసేశారు. అంతకుముందే వలస వెళ్లినవాళ్ల పాత రికార్డుల్లో కొన్ని బాణీలు బతికాయి. 1908లో అమెరికా చేరిన నఫ్తులే బ్రాండ్‌వైన్ క్లారినెట్ అలాంటిదే.

2009లో ‘లిటిల్ ప్రిన్సెస్’ ఆల్బమ్ కోసం స్పార్క్స్ ఆ బాణీలనే ఎంచుకున్నాడు. చిక్కెక్కడంటే... క్లారినెట్ ఊపిరి ఉన్నంతసేపూ సాగుతుంది. గిటార్ తీగ మీటగానే స్వరం సన్నగిల్లిపోతుంది. అందుకే బొటనవేలు కింది స్వరాలు నడుపుతుంటే, మిగతా వేళ్లు బాణీ అల్లుతాయి. మధ్యలో జాజ్ పద్ధతిలో సొంత కల్పనలూ చేరతాయి.

ఆ పాట అతని ఇంటిది కాదు. అయినా నేర్చుకున్నాడు. పెళ్లివారు లేకపోయినా, పెళ్లి పాట మళ్లీ వినిపిస్తోంది.