ఎలమంచిలి టు వైజాగ్... నాలుగున్నర గంటల్లో!

ఎలమంచిలి అంటే చాలామందికి రైలు కిటికీలోంచి కనిపించి వెళ్లిపోయే ఓ స్టేషన్. 2022 ఏప్రిల్ దాకా విశాఖ జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. ఈసారి ఇటొస్తే దిగండి. హైవే మీద తుని వైపు కాస్త వెళ్లి లోపలికి తిరిగితే, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక వస్తుంది. మన లక్క బొమ్మల ఊరు!

లేతు దగ్గర మెదడు పాఠం

లేతు మీద అంకుడు కర్ర గిర్రున తిరుగుతుంటుంది. ఉలి ఎంత నొక్కాలి, ఎక్కడ ఆపాలి అని పనిచేసే మనిషి ఆలోచిస్తూ కూర్చోడు. కర్ర నున్నగా తేలాక రంగు లక్క ఆనిస్తాడు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. గింజలు, బెరళ్లు, వేళ్ల నుంచి తీసే రంగులను ఇక్కడ మళ్లీ నిలబెట్టిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది.

‘చెయ్యి తిరిగిన పనివాడు’ అంటాం కదా. నిజానికి తిరిగింది మెదడు! కుడి చేతిని నడిపేది మెదడులో ఎడమ సగం. కదలికల టైమింగ్ సరిచేసేది తల వెనుక కింది భాగంలో ఉండే చిన్నమెదడు. మొత్తం బరువు కిలోన్నర లోపే. ఒంటి బరువులో రెండు శాతం. వాడే ఆక్సిజన్ మాత్రం దాదాపు 20 శాతం. పైగా దాచుకునే అలవాటు లేదు. రక్తం ఆగిందా, నిమిషాల్లోనే కణాలు చావడం మొదలవుతుంది.

బెంగళూరు నిమ్హాన్స్‌లో మెదడు మ్యూజియం ఉంది. నిజం మెదడును చేత్తో పట్టుకుని చూడొచ్చు. ఎలమంచిలిలో అలాంటిది లేదు. కానీ మెదడు గురించి తెలియాల్సిన అవసరం బెంగళూరు కంటే ఇక్కడే ఎక్కువ. ఎందుకంటే పెద్దాసుపత్రి దూరం.

పేరులోనే గాలి

పక్షవాతం. ఆ పేరులోనే ‘వాతం’, అంటే గాలి ఉంది. అందుకే ఊళ్లలో ‘గాలి సోకింది’ అనడం, ఆకు పసరు కోసం పరుగెత్తడం. అసలు జరిగేది మెదడులో రక్తనాళం మూసుకుపోవడమో, పగలడమో. ఇంకో చిక్కు ఏంటంటే, చాలాసార్లు నొప్పే ఉండదు. మెదడు కణజాలానికి నొప్పి తెలీదు మరి. గుండెనొప్పైతే ఇల్లంతా లేస్తుంది. మామ్మ చెయ్యి బరువెక్కిందంటే మాత్రం “ఏటీ అవదులే, కాసేపు పడుకో” అంటారు. ఆ నిద్రలోనే టైమ్ పోతుంది. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి దాదాపు 19 లక్షల కణాలు పోతాయని 2006లో లెక్కగట్టారు.

దారిలో గడియారం

ఎలమంచిలి నుంచి వైజాగ్ సుమారు 60 కిలోమీటర్లు. కశింకోట, అనకాపల్లి, లంకెలపాలెం దాటితే స్టీల్ ప్లాంట్ వైపు కూర్మన్నపాలెం, ఆ తర్వాత గాజువాక ట్రాఫిక్. కేజీహెచ్ ఉన్న మహారాణిపేట ఇంకా ముందుంది. గడ్డ కరిగించే మందు మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. అదీ సీటీ స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాకే. దారికి గంటన్నర పట్టినా సరిపోతుంది. సరిపోనిది ఇంట్లో ‘చూద్దాంలే’ అని కూర్చున్న టైమే.

అందుకే ఈ మూడూ గుర్తుంచుకోండి. నవ్వమనండి, మూతి ఓ పక్కకు లాగుతోందా? రెండు చేతులూ ఎత్తమనండి, ఒకటి జారిపోతోందా? “మాది ఎలమంచిలి” అనమనండి, మాట ముద్దగా వస్తోందా? ఒక్కటి తేడాగా ఉన్నా 108కి ఫోన్ చేయండి. చివరిసారి బాగున్నది ఎన్నింటికో ఫోన్‌లో రాసుకోండి, డాక్టర్ మొదట అడిగేది అదే. సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రి దగ్గర్లో ఏదో ఇవాళే కనుక్కోండి. నోట్లో నీళ్లు, మాత్రలు ఏవీ పోయొద్దు, వేయొద్దు. తగ్గిపోయినట్టు అనిపించినా వెళ్లాల్సిందే.

ఏటికొప్పాక నుంచి బొమ్మ ఎలాగూ తెచ్చుకుంటారు. దాంతోపాటు ఈ మూడు పరీక్షలూ ఇంటికి పట్టుకెళ్లండి. రాత్రి భోజనాల దగ్గర తాతయ్యతో, మామ్మతో ఓసారి చేయించండి. నవ్వుకుంటూ చేస్తారు. అవసరమైన రోజున ఇంట్లో ఒక్కరికి గుర్తొచ్చినా చాలు.