గోబెలిన్స్ మగ్గాల వెనుక

17వ శతాబ్దపు ఫ్రాన్సులో నిరంకుశ రాజరికం ఎలా నిలదొక్కుకున్నదో చూడదలచినవారు సాధారణంగా వెర్సాయ్ ప్రాసాదానికి వెళ్తారు. ఆ రాజరికం తన వైభవాన్ని తయారుచేయించుకున్న చోటు మాత్రం పారిస్ నగరపు 13వ విభాగంలో, గోబెలిన్స్ అవెన్యూలో ఉన్నది. అక్కడ మగ్గాలు నేటికీ ఆడుతున్నాయి. 15వ శతాబ్దంలో బియెవ్ర్ అనే చిన్న ఏటి ఒడ్డున ఎర్రరంగు అద్దకానికి పేరుపొందిన గోబెలిన్ కుటుంబం పేరు ఆ ఆవరణకు స్థిరపడింది. ఆ ఏటిని నగరంలో 1912 నాటికి పూర్తిగా కప్పివేశారు కనుక ఇప్పుడు దాని జాడ తెలియదు. ఒక పత్రికా సంపాదకుని కోరికపై అక్కడికి వెళ్లిన ఈ వ్యాసకర్తకు చూడవలసినవి ఎన్నో ఉన్నా, ఎక్కువ సమయం ఒక నేతగత్తె చేతుల దగ్గరే గడిచిపోయింది.

గోబెలిన్స్‌లో నేసేది కట్టుకునే బట్ట కాదు, టాపెస్ట్రీ. అంటే రంగురంగుల ఉన్ని, పట్టు దారాలతో చిత్రాన్నే బట్టగా నేసి గోడకు వేలాడదీసే తెర. మన గుంటమగ్గంలో పడుగు నేలకు సమాంతరంగా సాగితే, ఇక్కడి నిలువుమగ్గంలో అది పైనొకటి కిందొకటి ఉన్న రెండు బరువైన దూలాల మధ్య నిటారుగా నిలుస్తుంది. నేసే మనిషి దానికి వెనుకవైపు కూర్చుంటుంది. వేయవలసిన చిత్రపు నమూనా ఆమె వీపు వెనుక ఉంటుంది. తాను నేసిన దాని ముఖం ఆమెకు కనిపించేది పడుగుకు అవతల వేలాడదీసిన అద్దంలో మాత్రమే. ఆమె ఎడమచేయి తలకు కొంచెం పైనున్న దారపు ఉచ్చులలో కొన్నిటిని పిడికిట పట్టి లాగితే వెనుక వరుస పోగులు ముందుకు వస్తాయి. ఆ సందులోంచి కుడిచేయి మొన తేలిన చెక్క కండెను నాలుగైదు పోగుల మేర మాత్రమే పోనిచ్చి, అదే మొనతో పేకను కిందికి నొక్కుతుంది. ఒకే పేక ఈ అంచు నుంచి ఆ అంచుకు సాగిపోవడం ఇందులో లేదు. ఒక చెంప మీది నీడ ఎంత వరకు ఉంటే ఆ రంగు దారం అంతవరకే వెళ్లి వెనుదిరుగుతుంది. పని కొంత పెరిగిన తరువాత ఆమె దువ్వెనతో దానిని బిగించి, లేచి మగ్గం చుట్టూ ముందుకు వెళ్లి చూసి, వచ్చి, అంతసేపటి పనిలో ఒక వేలెడంత విప్పివేసింది. ఏడాది పొడవునా ఇలా కూర్చున్న ఒక మనిషికి సుమారు ఒక చదరపు మీటరు నేత తెగుతుంది.

అంతలో ఆమె పక్క మగ్గం దగ్గరి స్త్రీతో ఏదో విసుగ్గా అన్నది. ఇక్కడికి వచ్చేవారందరూ బొమ్మ గీసిన చిత్రకారుడు ఎవరని అడుగుతారు, ఎన్నేళ్లు పడుతుందని అడుగుతారు, ఈ ఊదా పక్కన ఈ పచ్చనే ఎందుకు పెట్టావని మాత్రం ఒక్కరూ అడగరు అన్నది ఆ మాటల సారమని వెంట ఉన్న దుబాసీ చెప్పాడు. ఆ ఫిర్యాదు పూర్తిగా న్యాయమైనది, దాని వెనుక రెండు వందల ఏళ్ల చరిత్ర కూడా ఉన్నది. 1824లో ఇక్కడి అద్దకపు విభాగానికి అధిపతిగా వచ్చిన రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్ ముందుకు, గోబెలిన్స్ నల్లరంగు వెలవెలబోతున్నదన్న ఆరోపణ వచ్చింది. అద్దకంలో లోపం లేదని, పక్కనున్న నీలం, ఊదా రంగుల వల్లనే కంటికి ఆ నలుపు పలచగా తోస్తున్నదని ఆయన కనుగొన్నాడు. ఒక రంగు తన పొరుగు రంగును కంటికి మార్చి చూపే తీరును వివరించిన ఆయన గ్రంథం 1839లో వెలువడింది, తరువాతి తరం ఫ్రెంచి చిత్రకారులు దానిని శ్రద్ధగా చదివారు. శాస్త్రంగా ఎదిగిన ఆ పరిశీలనకు పుట్టిల్లు మగ్గమే.

ఈ మగ్గాలకూ రాజ్యాధికారానికీ ముడిపడిన విధం తెలియాలంటే 1661 దగ్గరకు వెళ్లాలి. నిరంకుశ రాజరికం అంటే రాజు తోచినదల్లా చేయడం అని కాదు. శాసనం చేసే అధికారాన్ని ప్రభువర్గంతో గాని, ప్రతినిధి సభలతో గాని, న్యాయస్థానాలతో గాని రాజు పంచుకోనవసరం లేదన్న సిద్ధాంతం అది, దానికి 1576లోనే జాఁ బోదాఁ తన సార్వభౌమాధికార వివరణతో పునాది వేశాడు. ఫ్రాన్సులో మతాధికారులు, ప్రభువులు, సామాన్యులు అనే మూడు వర్గాల ప్రతినిధులు కూర్చునే ఎస్టేట్స్ జనరల్ సభ 1614 తరువాత 1789 వరకు సమావేశం కానే లేదు. పార్లమాఁ అనే పేరుగల ఉన్నత న్యాయస్థానాలు రాజశాసనాలను తమ దస్తరాలలో నమోదు చేసేముందు అభ్యంతరం చెప్పే హక్కును వాడుకొనేవి. 1648లో అవి, ఆపైన ప్రభువులు తిరగబడిన ఫ్రోండ్ తిరుగుబాటు 1653 దాకా సాగగా, బాలరాజుగా ఉన్న 14వ లూయీ పారిస్ విడిచి పారిపోవలసి వచ్చింది. 1661 మార్చిలో ప్రధానమంత్రి మజారిన్ చనిపోగానే, ఇక తనకు ప్రధానమంత్రి అక్కరలేదని ఆ రాజు ప్రకటించాడు. అదే ఏడాది సెప్టెంబరులో, రాజును మించిన వైభవం చూపిన ఆర్థికాధికారి ఫూకేను నిర్బంధించాడు. ఫూకే మాఁసీలో నడిపించిన టాపెస్ట్రీ కర్మశాల పనివారిని, అక్కడ నమూనాలు గీసిన చిత్రకారుడు లెబ్రన్‌ను మంత్రి కోల్బేర్ రాజసేవలోకి తీసుకున్నాడు. 1662లో గోబెలిన్స్ ఆవరణను రాజు పేరిట కొని పనివారిని అక్కడ చేర్చారు, 1663లో లెబ్రన్ దానికి అధిపతి అయ్యాడు.

రాజును మించి వెలిగినవాడు చెరలో పడ్డాడు, అతని నేతగాళ్లు రాజుకు దక్కారు. నిరంకుశత్వం పెరిగిన తీరు సిద్ధాంత గ్రంథాలలో కంటే ఈ ఒక్క బదిలీలో స్పష్టంగా కనిపిస్తుంది. 1667 నవంబరు శాసనం గోబెలిన్స్‌ను రాజసంస్థానపు గృహోపకరణాల కర్మశాలగా స్థాపించింది. నేతగాళ్లతోపాటు వెండి పనివారు, వడ్రంగులు, శిల్పులు, చిత్రకారులు అక్కడే నివసించేవారు; వారికి పన్నుల మినహాయింపు లభించింది, ఇళ్లలో సైనికులకు బస ఇచ్చే బాధ్యత తప్పింది, వృత్తిపై పెత్తనం చేసే నగర శ్రేణుల అదుపు కూడా తొలగింది. ఒక చెరను విప్పి మరొక ఆశ్రయంలో ఉంచడం ఇది. శ్రేణికి బదులు చెప్పవలసిన పనివాడు ఇప్పుడు రాజుకు మాత్రమే బదులు చెప్పాలి, లెబ్రన్ గీసినదే నేయాలి.

వారు నేసినవాటిలో ముఖ్యమైనది ‘రాజు చరిత్ర’ అనే 14 తెరల వరుస. అందులో ఒకటి 1667 అక్టోబరు 15న లూయీ ఇదే కర్మశాలను చూడవచ్చిన సన్నివేశం. రాజు, పరివారం ఒక పక్కన నిలబడి ఉండగా, మిగిలిన స్థలమంతా పనివారిదే. వెండి పాత్రలను మోసేవారు, బల్లలను జరిపేవారు, తివాచీలను విప్పేవారు బరువుతో వంగి కనిపిస్తారు. ఇటువంటి తెరల అంచులలో కర్మశాల పెద్ద పేరు కొన్నిచోట్ల నేసి ఉంటుంది. అతని కింద పేక వేసినవారి పేర్లు ఉండవు. ఈ తెరను అచ్చువేసిన పుస్తకాలు రాజు కీర్తిదాహం గురించి పేజీలకు పేజీలు రాసి, ఆ వంగిన వీపుల గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టడం బాధ కలిగిస్తుంది. రాజు గొప్పవాడని రాజ్యం చెప్పుకోవడానికి పెట్టుబడి అయినది ఆ శ్రమే.

రాజాశ్రయం ఎంతవరకు నిలిచిందో కూడా చెప్పాలి. యుద్ధం ఖర్చు పెరగగా 1689లో వెర్సాయ్‌లోని వెండి సామగ్రిని, గోబెలిన్స్ పనివారు ఏళ్ల తరబడి చెక్కినవాటితో సహా, కరిగించి నాణేలుగా మార్చారు. 1694లో డబ్బు లేక కర్మశాలనే మూసివేశారు. 1699లో తెరిచినప్పుడు టాపెస్ట్రీ ఒక్కటే మిగిలింది, ఇతర వృత్తులకు అక్కడ మునుపటి స్థానం దక్కలేదు. నేడు అక్కడి నేతగాళ్లు ప్రభుత్వోద్యోగులు. పోటీ పరీక్షతో చేరి, ఏళ్ల తరబడి నేర్చుకుని, నెల జీతంతో పనిచేస్తారు, వారు నేసినది అమ్మకానికి పెట్టరు. ఈ విద్య బతికి ఉన్నది లూయీ వల్ల కాదు, ఆ జీతం వల్ల.

ఈ చరిత్రలో తెలుగునేలకు నిజంగానే ఒక పాలు ఉన్నది. 1669లో ఫ్రెంచి కంపెనీ గోల్కొండ రాజ్యపు రేవైన మచిలీపట్నంలో వర్తకశాల పెట్టింది. కోరమాండల్ తీరపు అద్దకపు నూలుబట్టలు ఫ్రాన్సులో ఎంతగా ఆదరణ పొందాయంటే, దేశంలోని ఉన్ని, పట్టు నేతకు ముప్పు వస్తుందని 1686లో రాజశాసనం వాటి దిగుమతిని, అక్కడే అనుకరించి అద్దడాన్ని కూడా నిషేధించింది. తరువాతి శాసనాలు ధరించడాన్ని సైతం నేరం చేశాయి. అయినా దొంగరవాణా ఆగలేదు, స్త్రీలు ఆ బట్టలు కట్టడం మానలేదు. నిషేధాన్ని 1759లో ఎత్తివేయవలసి వచ్చింది. నిరంకుశాధికారం ఎక్కడ ఆగిపోయిందో చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు, అందులో సగం కృష్ణాతీరపు అద్దకంవారిది. తెలుగులో ఐరోపా చరిత్ర పాఠాలు రాసేవారు 14వ లూయీ అధ్యాయంలో వెర్సాయ్ బొమ్మ పక్కన ఈ రెండు చోట్ల పనివారికీ, మగ్గం వెనుక కూర్చున్నవారికీ మచిలీపట్నంలో కలంకారీ అద్దినవారికీ, ఒక పేజీ కేటాయించాలి.