మూడడుగుల పరుపు

బదిలీలయ్యే ఇళ్లలో ఏ సామాను కొన్నా రెండు గదులను దృష్టిలో పెట్టుకోవాలి. ఒకటి ఇప్పుడున్న గది, రెండోది మనం ఇంకా చూడని గది. ఖరగ్‌పూర్ వచ్చాక పిల్లల గదికి పరుపులు కొనడానికి మా ఇంట్లో వారం రోజులు చర్చ జరిగింది. మీ ఇళ్లలోనూ ఇలాంటివి జరుగుతూనే ఉంటాయి కాబట్టి మా లెక్క మీకూ పనికొస్తుందని రాస్తున్నాం.

మా క్వార్టర్‌లో పిల్లల గది పదడుగుల పొడవు, తొమ్మిదడుగుల వెడల్పు. ఎనిమిదో తరగతి చదివే పెద్దమ్మాయి, నాలుగో తరగతి చిన్నవాడు, ఒక ఇనుప బీరువా, వీలైతే ఒక చదువుకునే బల్ల అందులో సర్దుకోవాలి. బజారులో సింగిల్ పరుపు అంటే 36 అంగుళాల వెడల్పు, డబుల్ అంటే 48, క్వీన్ 60, కింగ్ 72. పొడవు 72, 75, 78 అంగుళాల్లో దొరుకుతుంది. క్వీన్, కింగ్ పరుపులను ఇరుకు మెట్ల మలుపులో తిప్పడం కష్టమని మొదటే పక్కన పెట్టాం. ఇక మిగిలినవి మూడు దారులు: ఇద్దరికీ కలిపి 48 అంగుళాలది ఒకటి, కుట్టించుకుంటే 30 అంగుళాలవి రెండు, లేదా 36 అంగుళాలవి రెండు.

బొబ్బిలి నుంచి అమ్మమ్మ ఫోన్లోనే తీర్పు చెప్పేసింది. "ఒకే పరుపు వెయ్యండర్రా. పక్కపక్కన పడుకుంటేనే అక్కాతమ్ముళ్లకు మాటలుంటాయి." అందులో నిజముంది. కొత్త ఊళ్లో మొదటి కొన్ని నెలలు అక్కకు తమ్ముడు, తమ్ముడికి అక్క, అంతే స్నేహితులు. పైగా ఖర్చూ తక్కువ.

పెద్దమ్మాయి మాత్రం కాగితం మీద 48ని రెండుతో భాగించి చూపించింది. ఒక్కొక్కరికి 24 అంగుళాలు. "రైల్లో స్లీపర్ బెర్తు కూడా సుమారు రెండడుగులే కదా! ఒక రాత్రికి సరిపోయే వెడల్పులో మూడేళ్లు పడుకోవాలా?" అని అడిగింది. కాసేపాగి మెల్లగా ఇంకో మాట కూడా అంది. "ఊరు మారిన ప్రతిసారీ బడి, గది, స్నేహితులు అన్నీ మారిపోతున్నాయి. నాది అని వెంట వచ్చేది ఒక్కటైనా ఉండనివ్వండి." ఆ మాటతో 48 అంగుళాల సంగతి వదిలేశాం.

తర్వాత టేపు తీశాం. తొమ్మిదడుగులంటే 108 అంగుళాలు. 30 అంగుళాల మంచాలు రెండు వేస్తే ఇంకా 48 అంగుళాలు ఉంటాయి, బల్ల పడుతుంది. 36వి రెండు వేస్తే మిగిలేవి మూడడుగులే, నడవడానికి సరి. అంటే పిల్లలకు చెరో ఆరంగుళాల చోటా, చదువుకునే బల్లా అన్నది తేల్చుకోవాలి. బల్లను ముందు గదిలోకి మార్చాం. ఇప్పుడు దాని ఒక వైపు మేము కాపీలు దిద్దుకుంటాం, రెండో వైపు వాళ్లు హోంవర్కు చేసుకుంటారు.

పొడవు 75 అంగుళాలు ఎంచుకున్నాం. పెద్దమ్మాయి ఇప్పుడు ఐదడుగుల రెండంగుళాలు, ఇంకా పెరుగుతుంది. 75 అంటే ఆరడుగుల మూడంగుళాలు. ఇక్కడి స్టేషన్ ప్లాట్‌ఫాం పొడవు 1072.5 మీటర్లని బడిలో విన్న చిన్నవాడు ఇంకో లెక్క కట్టాడు. మా పరుపులు వరసగా పరిస్తే ప్లాట్‌ఫాం మీద 562 పడతాయట, 563వది ఒకటిన్నర సెంటీమీటర్లు బయటకు వస్తుందట. కావాలంటే మీరూ చేసి చూడండి.

ఇక దేనితో చేసిన పరుపు అన్నది. రబ్బరు కలిపిన కొబ్బరి పీచు పరుపును మడిస్తే విరిగిపోతుంది. ఫోమ్ పరుపు ఫ్యాక్టరీ నుంచి చుట్టలా వచ్చినా, ఇంట్లో మళ్లీ అలా చుట్టడం కష్టం. దూది పరుపు బరువే, వానాకాలం పోయాక ఎండలో వెయ్యాలి కూడా. కానీ చాపలా చుట్టి తాడు కట్టి లారీ ఎక్కించొచ్చు. అణిగిపోతే విప్పి, దూది మళ్లీ ఏకించి, కావలసిన కొలతకు కుట్టించుకోవచ్చు. గోల్‌బజారు వైపు తిరిగి రెండు దూది పరుపులు కుట్టించాం. తలగడలకు బూరుగు దూది పెట్టించాం. మన బూరుగును బెంగాలీలో షిముల్ అంటారని పిల్లలు ఆ రోజే నేర్చుకున్నారు.

మా పక్కింటి మామ్మగారిది తెలుగు కుటుంబమే. 1898-99 ప్రాంతంలో బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడికి వచ్చాక ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు పనికోసం ఈ ఊరు చేరాయి. వాళ్ల మామగారు ఒక చాప, ఒక బొంత చుట్టుకుని దిగారట. "నాలుగు రోజులుండి పోదామని వచ్చారమ్మా, మూడు తరాలు గడిచిపోయాయి" అని నవ్వారు. మా పరుపులు చూసి, "చుట్ట చుట్టేవే మంచివి. ఉన్నా పనికొస్తాయి, వెళ్లినా పనికొస్తాయి" అన్నారు.

సంక్రాంతికి అమ్మమ్మ వచ్చింది. రెండు మంచాలూ కలిపితే 36, 36 మొత్తం 72. మెట్లెక్కదని వద్దనుకున్న కింగ్ సైజు పరుపు గదిలోనే తయారైంది! మధ్య సందు మీద దుప్పటి మడిచి వేసుకుని అమ్మమ్మ అక్కడే పడుకుంది. పదిహేను రోజులు ముగ్గురికీ కబుర్లే.

ఆమె వెళ్లాక మంచాలు విడదీశాం. ఇంకో నాలుగైదేళ్లలో పెద్దమ్మాయి హాస్టలుకు వెళితే అక్కడి మంచానికీ మూడడుగుల పరుపే సరిపోతుందని, ఒకటి ఆమెతో పంపొచ్చని అనుకున్నాం. పక్కనే ఉన్న చిన్నవాడు విన్నాడు. ఆ రాత్రి చూస్తే వాడి మంచం మళ్లీ అక్క మంచానికి ఆనించి ఉంది. అక్క కూడా ఏమీ అనలేదు.

పిల్లలూ, మీ ఇంట్లో ఇలాంటి చర్చ వచ్చినప్పుడు టేపు మీరే పట్టుకోండి. గది, తలుపు, మెట్ల మలుపు, మీ ఎత్తు, అన్నీ కొలిచి రాసుకోండి. మీకేం కావాలో, ఎందుకు కావాలో ఆ కాగితం చూపించి అమ్మానాన్నలకు చెప్పండి. వింటారు.