కలివి కోడి – మా తాతను అడగని ప్రశ్న

కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

పోయిన ఆదివారం గ్రూప్స్ మెటీరియల్ కోసమని అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతుకుతుంటే పక్షుల పుస్తకం ఒకటి దొరికింది. అది పట్టుకుని మొజంజాహీ మార్కెట్ దాకా నడిచి, ఐస్‌క్రీమ్ తింటూ అక్కడే కూర్చుని తిరగేశా. ఒక పేజీ దగ్గర ఆగిపోయా.

కలివి కోడి. కలివి పొదల మధ్య నేల మీదే తిరిగే చిన్న పిట్ట. పగలు కనపడదు, రాత్రి మేతకు బయటికొస్తుంది. పెద్ద కళ్ళు, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు. 1848లో లోకానికి తెలిసింది. జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు పేరు పెట్టారు. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిపోయిందనుకున్నారు.

రూముకొచ్చాక ఫోన్‌లో మిగతా కథ చదివా. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్ళీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ గారు బొమ్మలు చూపించి ఊళ్ళల్లో అడిగితే, రాత్రిపూట దాన్ని పట్టి చూపించింది ఐతన్న అనే అక్కడి వేటగాడు. ఆ పిట్ట బతకలేదు, అది బాధే. కానీ దాని వల్లే అక్కడ శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. శాస్త్రం 'లేదు' అన్న పిట్ట అక్కడి వాళ్ళకు ఉందని తెలుసు. వాళ్ళను ఎవరూ అడగలేదు, అంతే.

ఇంకో మాట చదివి మనసు కలుక్కుమంది. ఒకప్పుడు ఈ పిట్ట మా భద్రాచలం వైపు కూడా ఉండేదట.

మా తాత మట్టిలో చిన్న గుంట చూసి "ఇక్కడ పూరేడు పిట్ట పొర్లాడింది" అని చెప్పేవాడు. చీకట్లో కూత విని పిట్ట పేరు చెప్పేవాడు. హాస్టల్‌లో "మీరు పిట్టలు కొట్టుకు తింటారంట కదా" అని నవ్వితే నేనూ నవ్వి ఊరుకునేవాణ్ణి. తాత సంగతి సిగ్గుతో దాచుకున్నా. ఆయన పోయి రెండేళ్ళు. ఈ పిట్టకు మన కోయ మాటల్లో ఏమైనా పేరుందా? ఇప్పుడు ఎవర్ని అడగాలి?

1935లో కట్టిన ఆ మార్కెట్‌కు నిజాం కొడుకు పేరుంది. రాళ్ళు చెక్కినవాళ్ళ పేర్లు నాకెక్కడా కనపడలేదు. మన తాతల తెలివికీ అదే గతి పట్టనివ్వొద్దు.

అందుకే నాదొక విన్నపం. ఈ సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు తాతనో, అమ్మమ్మనో కూర్చోబెట్టి అడగండి. నేల మీద తిరిగే పిట్టల పేర్లు, కూతలు, అవి ఏ పొదల్లో ఉంటాయి, అన్నీ మీ భాషలోనే ఫోన్‌లో రికార్డు చేయండి. చెప్పినవాళ్ళ పేరు, ఊరు తప్పకుండా రాయండి. పట్టడానికి కాదు, కాపాడుకోడానికి.

నాకు ఆలస్యమైంది. మీకు కాకూడదు.

జోహార్.