ట్రంకుపెట్టె అడుగున ప్రాజెక్టు

తొమ్మిదో తరగతి కుర్రాడు ట్రంకుపెట్టె తాళంచెవి కోసం జేబులు తడుముకుంటున్నాడు. చెవి మెడలో తాడుకే వేలాడుతోంది. పక్క మంచం మీది స్నేహితుడు చూపించాక నాలుక కరుచుకున్నాడు.

శ్రీకాకుళం జిల్లాలోని ఆ గురుకుల పాఠశాలకు నేను వెళ్ళింది తల్లిదండ్రులు వచ్చే ఆదివారం. స్కూలు పేరు రాయొద్దన్నారు. పెట్టె తెరుచుకుంది. ఉతికిన చొక్కాలూ ఉతకనివీ ఒకటే కుప్ప. కింద మూడు లెక్కల నోటుపుస్తకాలు, మూడింట్లోనూ మొదటి పది పేజీలే నిండాయి. అట్టడుగున, వేరుశనగ తొక్కల మధ్య, వారం కిందట ఇవ్వాల్సిన సైన్సు ప్రాజెక్టు. పూర్తయింది, బొమ్మలకు రంగులు కూడా వేశాడు. ఇవ్వడమే మరిచిపోయాడు.

“బుర్ర పాదరసమండి,” అన్నారు లెక్కల మాస్టారు. బోర్డు మీద లెక్క వేస్తుండగానే జవాబు నోటితో చెప్పేస్తాడట. పరీక్షలో మాత్రం మధ్య మెట్లుండవు, కాగితం వెనకవైపు ప్రశ్నలున్నాయని చూడడు. వార్డెను దాన్ని పొగరన్నాడు. జంతికల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తల్లి మాట వేరు: “చిన్నప్పట్నుంచీ అంతే బాబూ. సంచీ నానే సర్దీదాన్ని. ఫస్టొచ్చీవోడు గదా, ఏటవుతాదిలే అనీసి ఊరుకున్నాం.”

పని మొదలుపెట్టడం, వరస పెట్టుకోవడం, టైము అంచనా కట్టడం, విన్నదాన్ని కాసేపు మనసులో నిలుపుకోవడం, మధ్యలో తోచిన ఇంకో ఆలోచనను పక్కకు నెట్టడం: వీటినే ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్లంటారు. తెలివి ఎంతున్నా ఇవి వెనకబడొచ్చు. అమెరికాలో థామస్ బ్రౌన్ బృందం ఏడీహెచ్‌డీ (శ్రద్ధ, కుదురు నిలవని సమస్య) ఉన్న, ఐక్యూ 120కి తగ్గని పెద్దవాళ్ళపై 2009లో అధ్యయనం ప్రచురించింది. వాళ్ళలో ఎక్కువమంది తడబడింది ఇక్కడే.

తెలివైన పిల్లల్ని ఏరి హాస్టల్లో పెట్టి చదివించడం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు కొత్త కాదు. కోరుకొండ సైనిక్ స్కూలు 1962 నాటిది. వెన్నెలవలస నవోదయకు ఆరో తరగతిలో చేరడానికి ప్రవేశ పరీక్ష రాసి వస్తారు. ఎచ్చెర్ల దగ్గరి ట్రిపుల్ ఐటీ పదో తరగతి మార్కులు చూస్తుంది. పెట్టె సర్దుకోగలడా అని ఎక్కడా అడగరు. సీటు తీసెయ్యడానికైతే అడగనూకూడదు.

నాకు తట్టిన తమాషా ఏమిటంటే, ఇంటి దగ్గర అమ్మ చేసిన పని ఇక్కడ గంట చేస్తోంది. లేవడానికో గంట, స్నానానికో గంట, చదువుకో గంట. కుర్రాడు గంట వెంట నడుస్తాడు, మార్కులొస్తాయి, ఇబ్బంది సగం కనపడకుండా పోతుంది. గంట లేనిచోట బయటపడుతుంది. ఇక్కడ ఫస్టొచ్చిన ఒకబ్బాయి ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో నాలుగు సబ్జెక్టులు పోగొట్టుకున్నాడని మాస్టారు చెప్పారు. చదవక కాదట, ఏ రోజు ఏ పరీక్షో చూసుకోక.

మతిమరుపు పిల్లలందరికీ ఈ ఇబ్బందే ఉందనుకోకూడదు. నిద్ర చాలకపోవచ్చు, ఇంటి మీద బెంగ కావచ్చు, రక్తహీనత కావచ్చు. నోటితో చెప్పేదానికీ కాగితం మీద పెట్టేదానికీ తేడా ఇంట్లోనూ బడిలోనూ నెలల తరబడి కనిపిస్తే మాత్రం డాక్టరుకు చూపించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం చూడాల్సిన సమస్యల్లో ఏడీహెచ్‌డీ ఉంది, నేర్చుకోవడంలో ఇబ్బందులూ ఉన్నాయి. అయితే వైద్యబృందం వచ్చినప్పుడు క్లాసు ఫస్టు పేరు ఏ టీచరు చెబుతారు?

మాస్టారి మందు చిన్నదే. పెట్టె మూత లోపల ఒక అట్టముక్క అంటించారు: రేపటి పుస్తకాలు, ఇవ్వాల్సినవి, తాళంచెవి. కుర్రాడి చేతనే రాయించారు. “నేను రాస్తే చదవడండి, నా రాత కదా.” మూడు వారాలుగా నడుస్తోంది, రోజు మార్చి రోజు పనిచేస్తోందట.

నేను గేటు దగ్గరికొచ్చేసరికి వాడు ప్రాజెక్టు పట్టుకుని మాస్టారి క్వార్టరు వైపు పరుగెత్తుతున్నాడు. వెనకాల తల్లి కేకేస్తోంది, చెప్పులేసుకోమని.