కంద వేరు, కందగడ్డ వేరు!

మాది తణుకు. రూమ్మేట్‌ది సిద్దిపేట. మూడేళ్లుగా ఖైరతాబాద్‌లో ఒకే గదిలో ఉంటున్నాం. ఇద్దరం ఒకే తెలుగు మాట్లాడుతున్నాం అనుకున్నాను, మొన్నటి శివరాత్రి దాకా.

ఆ రోజు వాడికి ఉపవాసం. పొద్దున్నే, "వచ్చేటప్పుడు కందగడ్డ తీస్కరా, ఉడకబెట్టుకుని తింటా" అన్నాడు. ఇక్కడ ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, ఆలుగడ్డ... అన్నీ గడ్డలే కదా! కందకి కూడా గడ్డ తగిలించారనుకున్నా. సాయంత్రం మెట్రో దిగి, మార్కెట్లో ఒక బండి దగ్గర "అక్కా, కంద ఉందా?" అని అడిగాను. ఏనుగు పాదమంత దుంప కోసి అరకిలో ముక్క ఇచ్చింది.

తొక్క తీసి, ఉత్త నీళ్లలో ఉడికించాను. గుడి నుంచి వాడు ఆకలితో వచ్చి, చూడకుండా పెద్ద ముక్క నోట్లో వేసుకున్నాడు. రెండు నిమిషాలకే గొంతు పట్టుకుని "ఏం పెట్టినవ్‌రా నాకు?" అన్నాడు. కళ్లలో నీళ్లు. నాకు చెమటలు.

అమ్మకి ఫోన్ చేశాను. "చింతపండు వెయ్యకుండా కంద ఉడికించావా! ముందు మజ్జిగ తాగించు. గొంతు వాస్తే మాత్రం ఆస్పత్రికి పరిగెత్తండి" అంది. వాపు రాలేదు. గంటకి దురద తగ్గింది. నేను మాత్రం వాడి గొంతు చూస్తూ కూర్చున్నా. ఉపవాసం వాడిది, జాగారం ఇద్దరిదీ.

అసలు సంగతేంటంటే, కందలో కాల్షియం ఆక్సలేట్ సూదుల్లాంటి స్ఫటికాలుగా ఉంటుంది. అవి గుచ్చుకునే ఆ దురద. పులుపు వేసి బాగా ఉడికిస్తే దాని జోరు తగ్గుతుంది. మా గోదావరి వైపు కందా బచ్చలి కూరలో చింతపండు పడేది రుచికోసమే కాదన్నమాట! 2022 దాకా మా జిల్లాలోనే ఉన్న కొవ్వూరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన 'గజేంద్ర' రకం కందకి దురద తక్కువని పేరు.

మర్నాడు ఇద్దరం అదే బండి దగ్గరికి వెళ్లాం. అక్క నవ్వింది. "నువ్వు కొన్నది జిమీకంద్ తమ్మీ. కందగడ్డ అంటే గిది" అని ఎర్రటి దుంప చూపించింది. తీరా చూస్తే మా చిలగడదుంప! రాయలసీమలో దాన్నే గెణుసుగడ్డ అంటారు.

పేర్ల గందరగోళం మనకే కాదు. అమెరికాలో నారింజ రంగు చిలగడదుంపని 'యామ్' అని అమ్ముతారు. 1930ల్లో లూసియానా రైతులు తమ పంటని వేరుగా చూపించుకోవడానికి ఆ పేరు వాడారు. నిజమైన యామ్ అంటే తీగకి కాసే మన పెండలం. ప్రపంచంలో దాన్ని అందరికన్నా ఎక్కువ పండించేది నైజీరియా. కంద చేమదుంప కుటుంబం, చిలగడదుంప తూటికాడ కుటుంబం. మూడింటికీ చుట్టరికమే లేదు.

వాడు మర్నాటికే మర్చిపోయాడు. నేనే ఇప్పటికీ సారీ చెబుతుంటా. "కందకు లేని దురద కత్తిపీటకెందుకురా" అని నవ్వుతాడు. అయినా, ఇప్పుడు ఏ కూరగాయ కావాలన్నా ముందు ఫొటో పంపిస్తున్నాడు.