ప్రశ్నలు పుట్టేది ఇంటికొచ్చాకే

ఆసుపత్రివాళ్లు నాకేమీ చెప్పలేదని అనను. అన్నీ చెప్పారు. కాకపోతే అన్నీ ఒక్క మధ్యాహ్నంలో చెప్పారు.

మా ఆయనకి స్ట్రోక్ వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, వాటితోపాటు మాట పడిపోయింది. లండన్ శివార్లలో ఏళ్ల తరబడి ఉంటున్నా పెద్ద జబ్బుతో ఆసుపత్రి గడప తొక్కడం మాకదే మొదలు. వార్డులో ఉన్నన్నాళ్లూ నేను చూడ్డానికొచ్చిన మనిషిని మాత్రమే. ఒళ్లు తుడిచేటప్పుడు తెర లాగి నన్ను బయట నించోమనేవారు. సాయంత్రం వేళ దాటితే ఇంటికి పొమ్మనేవారు. డిశ్చార్జి రోజున మాత్రం ఒక నర్సు నన్ను కూర్చోబెట్టి, మందుల సంచీ ఒళ్లో పెట్టి, ఏ మాత్ర ఎప్పుడెయ్యాలి, మంచం మీంచి కుర్చీలోకి ఎలా మార్చాలి, పుండ్లు పడకుండా ఎన్ని గంటలకోసారి పక్కకి తిప్పాలి, నీళ్లలో చిక్కబరిచే పొడి ఎన్ని చెంచాలు కలపాలి, అన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. బయట వ్యాను వచ్చి ఉంది. "ఇంకేమైనా అడుగుతారా?" అంది. లేదన్నాను. ఆవిడ తప్పేం లేదు, నా తప్పూ లేదు. వార్డులో పుట్టే ప్రశ్నలు వేరు, వంటింట్లో పుట్టేవి వేరు.

నా మొదటి ప్రశ్న చారు గురించి.

స్ట్రోక్ తర్వాత మింగుడు సరిగా లేనివాళ్లకి పల్చటి ద్రవం ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెచ్చే ప్రమాదం ఉంది. అందుకని ఐడీడీఎస్ఐ అనే కొలమానం పెట్టారు. నీళ్లు సున్నా, మామూలు భోజనం ఏడు. మధ్యలో ఎవరి మెట్టు ఏదో స్పీచ్ థెరపిస్టు నిర్ణయిస్తారు. మా ఆయనకి తాగేవి రెండో మెట్టులోనూ, తినేవి ఐదో మెట్టులోనూ ఉండాలన్నారు. చేతికిచ్చిన కాగితాల్లో షెపర్డ్స్ పై, బంగాళాదుంప ముద్ద, కస్టర్డ్ బొమ్మలున్నాయి. మా ఇంట్లో ఉన్నది అన్నం. ఐదో మెట్టులో అన్నం మెతుకు మెతుకుగా విడిపోకూడదు, అలాగని జిగురుగా అతుక్కోకూడదు. అయితే పెరుగన్నం పెట్టొచ్చు కదా అనుకుంటాం. దాని మీద నీరు తేరితే మళ్లీ అది పల్చటి ద్రవమే. ముద్దపప్పు నెయ్యేసి మెత్తగా మెదిపితే పర్వాలేదు. ఆవకాయ ముక్క సంగతి ఎత్తొద్దు. ఇక చారులో ఆ పొడి కలిపి చూడండి, పోపు వాసన వేసే గంజి తయారవుతుంది. మా ఆయన ఒక చెంచా నోట్లో పెట్టుకుని మొహం అటు తిప్పేసుకున్నారు. మాట లేకపోయినా అభిప్రాయం స్పష్టంగానే చెప్పారు.

ఆరు నెలల విజిటర్ వీసా మీద తెనాలి నుంచి మా అత్తగారు వచ్చారు. ఆవిడకి ఈ పొడి వ్యవహారం మొదటి రోజే నచ్చలేదు. "పుట్టిన దగ్గర్నించీ తాగుతున్నాడు, రెండు చెంచాల చారుకి వాడికేమవుతుందే?" అని నేను ఆఫీసు కాల్‌లో ఉండగా తాగించేశారు. పొరబోయి కళ్లు తేలేశారాయన. ఆ వారమే ఇంటికొచ్చిన స్పీచ్ థెరపిస్టుకి ఈ సంగతి చెప్పాను. చిన్నపిల్ల, పాతికేళ్లుంటాయేమో. అత్తగారిని ఒక్క మాట అనలేదు. మా వంటింట్లోనే గ్లాసు నీళ్లు, పొడి తీసుకుని ఆవిడ చేతే కలిపించింది. మామూలు నీళ్లొకసారి, చిక్కటివొకసారి తాగించి, రెండూ గొంతులో ఎలా దిగుతున్నాయో గమనించమంది. నేను తెలుగులో చెబుతూ పోయాను. తర్వాత చారు రుచి చూసి, చింతపండు పులుపు కాస్త తగ్గించమని కూడా సలహా ఇచ్చింది. ఆ రోజు నుంచి చెంచా కొలతలో నాకంటే మా అత్తగారిదే చండశాసనం. "అమ్మాయ్, ఇది రెండో మెట్టులో లేదు" అని నా చేతిలోంచి గ్లాసు లాక్కునేవారు.

నేర్పడమంటే నా లెక్కలో అది.

ఆ అమ్మాయి, ఫిజియో, ఆక్యుపేషనల్ థెరపిస్టు, వీళ్లంతా కమ్యూనిటీ స్ట్రోక్ టీం. ఇలాంటి టీంలు చాలాచోట్ల ఆరు వారాలకి అటూ ఇటూగా ఇంటికొస్తాయి. తర్వాత ఇంకో రోగి దగ్గరికి వెళ్లాలి, వెళ్తారు. సరిగ్గా వాళ్లు వెళ్లాకే నాకు ప్రశ్నలు గుంపుగా వచ్చాయి. చొక్కా తొడిగేటప్పుడు కుడి భుజం ఎందుకంత నొప్పి? టీవీలో పాత సినిమా వస్తే ఏడుపు ఆపుకోలేకపోతున్నారు, అది దిగులా, మెదడు దెబ్బ వల్లా? ఇంగ్లీషులో బొమ్మ చూపిస్తే రాని మాట ఇంట్లో తెలుగులో ఎలా వస్తోంది, రెండింట్లో దేంతో సాధన చేయించాలి? మా ఇంటి డాక్టరు ఉండే జీపీ సర్జరీకి ఫోన్ చేస్తే, మీరు పేషెంటా అని అడుగుతారు. కాదంటే, పేషెంట్‌తో మాట్లాడాలి అంటారు. పేషెంటుకి మాట లేదమ్మా, దాని గురించే ఈ ఫోను.

ఇది నా ఒక్కదాని గోల కాదు, దీని మీద పరిశోధనే జరిగింది. 2004లో లండన్ కింగ్స్ కాలేజీకి చెందిన లలిత్ కల్రా బృందం 300 మంది స్ట్రోక్ రోగుల్ని, వాళ్లని చూసుకునే ఇంటివాళ్లని తీసుకుని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం ప్రచురించింది. రోగి వార్డులో ఉండగానే లేపడం, నడిపించడం, తినిపించడం ఇంటివాళ్లకి చేయించి నేర్పారు. ఏడాది గడిచాక అలా నేర్చుకున్నవాళ్లలో భారం, ఆందోళన తక్కువగా కనిపించాయి, ఖర్చూ తగ్గింది. సహజంగానే అందరూ సంబరపడ్డారు. ఆ శిక్షణనే ఆన్ ఫోర్‌స్టర్ బృందం 36 స్ట్రోక్ యూనిట్లలో, 928 మంది రోగులతోనూ వాళ్లవాళ్లతోనూ పరీక్షించింది. 2013లో లాన్సెట్‌లో ఫలితం వచ్చింది. నేర్పిన చోటకీ నేర్పని చోటకీ తేడా ఏమీ లేదు! స్ట్రోక్ వచ్చిన కొత్తలో నేర్పడం సరైన సమయం కాదేమోనని ఆ పరిశోధకులే అన్నారు. అది చదివినప్పుడు నాకు డిశ్చార్జి రోజు నర్సమ్మ గుర్తొచ్చింది. ఇంటివాళ్లకి నేర్పడం దండగ అని ఈ ఫలితాన్ని చదివే అధికారులు ఉండకపోరు. నాకైతే నేర్పే రోజు మార్చండి అన్నట్టు కనిపించింది.

చట్టాలకేం తక్కువ లేదు. 2014 నాటి కేర్ యాక్ట్ ప్రకారం ఇంగ్లండులో ఇంటి మనిషిని చూసుకునేవాళ్లెవరైనా తమ అవసరాలు అంచనా వెయ్యమని కౌన్సిల్‌ని అడగొచ్చు. 2022 నాటి హెల్త్ అండ్ కేర్ యాక్ట్ ప్రకారం డిశ్చార్జి గురించి ఆలోచించేటప్పుడు వీలైనంత ముందుగా ఇంటివాళ్లని కలుపుకోవాలి. అయితే వైద్యం ప్రభుత్వ ఆరోగ్య సేవ అయిన ఎన్‌హెచ్ఎస్‌ది, ఉచితం. స్నానం, బట్టలు, తిండి కౌన్సిల్‌వి, ఆదాయం చూసి ఇస్తారు. స్నానం చేయిస్తుండగా కళ్లు తిరిగి పడబోయిన మనిషి ఎవరి ఖాతాలోకి వస్తాడో తేల్చుకునే పని మళ్లీ ఇంట్లోవాళ్లదే.

డబ్బు సంగతి ఎక్కువ చెప్పను, ఆశ్చర్యపోయేటంత లేదు కనక. వారానికి 35 గంటలు తగ్గకుండా చూసుకునేవాళ్లకి కేరర్స్ అలవెన్సు 2025 ఏప్రిల్‌లో వారానికి 83.30 పౌండ్లు ఉండేది. సరిగ్గా 35 గంటలే అనుకున్నా గంటకి 2.38 పౌండ్లు పడేది. సొంత ఉద్యోగంలో సంపాదన అప్పటి హద్దు, వారానికి 196 పౌండ్లు, దాటితే అదీ లేదు, మొత్తం పోయేది. 1976లో దీన్ని మొదలుపెట్టినప్పుడు పెళ్లయిన ఆడవాళ్లకి ఇవ్వనే లేదు. వాళ్లెలాగూ ఇంట్లోనే ఉంటారుగా అన్నది తర్కం. తెనాలిలో మా పెద్దత్త కూడా అచ్చంగా ఇదే అంటుంది, బ్రిటిష్ ప్రభుత్వాన్ని సంప్రదించకుండానే. తల్లిని చూసుకోవడానికి ఉద్యోగం మానేసిన జాకీ డ్రేక్ అనే ఇల్లాలు కేసు వేసి యూరోపియన్ కోర్టు దాకా వెళ్తే, 1986లో ఆ నిబంధన పోయింది.

ఇక వార్డులో ఇంటివాళ్ల స్థానం విషయానికొస్తే, ఇండియాలో సంగతి తలకిందులు. మా నాన్నగారు గుంటూరులో ఒక ఆసుపత్రిలో ఉన్నప్పుడు మా తమ్ముడే అటెండెంట్. మందుల చీటీ పట్టుకుని పరిగెత్తడం, స్ట్రెచర్ తొయ్యడం, సెలైన్ సీసా అయిపోతోందని అరవడం, రాత్రి మంచం పక్కన చాప. అతన్ని ఎవరూ బయటికి పంపలేదు, అలాగని కూర్చోబెట్టి ఏమీ నేర్పనూ లేదు. వరండాల నిండా ఇలా కాచుక్కూచున్న బంధువుల్ని చూసే, స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు కొందరు బెంగళూరు నారాయణ హెల్త్‌లో వాళ్లకే పాఠాలు మొదలుపెట్టారు. అదే తర్వాత నూరా హెల్త్ అనే సంస్థ అయింది. డబ్బున్న ఎన్‌హెచ్ఎస్ ఇలాంటిది మన దగ్గర్నించి నేర్చుకోవడంలో నామోషీ ఏమీ లేదు. ఇక్కడా కదలిక లేదని కాదు. డిమెన్షియా ఉన్నవాళ్ల దగ్గర ఇంటివాళ్లు ఉండనివ్వాలని నిక్కీ జెరార్డ్, జూలియా జోన్స్ 2014లో జాన్స్ క్యాంపెయిన్ మొదలుపెట్టాక చాలా వార్డుల్లో విజిటింగ్ అవర్స్ గోడ కొంచెం కూలింది. స్ట్రోక్ వార్డులకి అదెందుకు పాకకూడదో నాకర్థం కాదు.

మన తెలుగువాళ్లలో కొత్తగా వచ్చినవాళ్ల గురించి ఒక మాట. స్కిల్డ్ వర్కర్ వీసా మీద వచ్చి, ఆటిజం ఉన్న పిల్లాణ్ని చూసుకుంటున్న జంటలు నాకు తెలుసు. పెద్దవాళ్లకి తలా ఏడాదికి 1,035 పౌండ్లు హెల్త్ సర్‌చార్జి ముందే కడతారు. అయినా వీసా షరతు ప్రకారం కేరర్స్ అలవెన్సు, పిల్లాడి డిజబిలిటీ లివింగ్ అలవెన్సు వంటివి ముట్టుకోకూడదు. దాంతో మనకేదీ రాదని జీపీ దగ్గర కూడా నోరెత్తరు. జీపీ రికార్డులో కేరర్ అని రాయించుకోవడానికి వీసాతో పని లేదు. ఇంటి మనిషిని ప్రధానంగా చూసుకునేవాళ్లకి ఫ్లూ టీకా ఉచితం. వేళకాని వేళ అపాయింట్‌మెంట్ అడిగినా అవతలివాళ్లకి కారణం ముందే తెలిసి ఉంటుంది. ఈ వారమే వెళ్లి రాయించుకోండి.

ఇంగ్లండులో ప్రతి జీపీ సర్జరీకీ పేషెంట్ల బృందం ఒకటి ఉండాలి. మాదాంట్లో నేనూ చేరాను, సమోసాలు తెస్తానన్న ఒప్పందం మీద. అక్కడ నేను పట్టుబట్టింది ఒక్కటే. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మూడో నెలలో రోగికి కాకుండా, చూసుకునే మనిషికి ఒక ఫోన్ చెయ్యాలి. ఇంటికొచ్చిన ఆరు నెలల్లోపు సమీక్ష జరగాలని 2007 నాటి జాతీయ స్ట్రోక్ వ్యూహమే చెప్పింది కానీ, అందులో అడిగేది ఎక్కువగా రోగి గురించే. ప్రాక్టీస్ మేనేజర్ డబ్బు లేదన్నాడు. నర్సులకి తీరిక లేదన్నాడు. చివరికి మందులు కాని సాయాలు చూపించే సోషల్ ప్రిస్క్రైబింగ్ లింక్ వర్కర్ చేత నెలకి కొన్ని ఫోన్లు చేయించడానికి ఒప్పుకున్నాడు. భుజం నొప్పి లాంటి ప్రశ్న వస్తే ఆవిడ ఫిజియోకి అందించాలి.

ఏమేం అడగాలో ఒక కాగితం మీద మేమే రాశాం. "ఎలా ఉన్నారు?" అన్నది కొట్టేశాం, దానికి బాగున్నామనే చెబుతారు. బదులుగా, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, ఏ పని చెయ్యడానికి భయమేస్తోంది, మీ సొంత బీపీ మాత్రలు అయిపోయి ఎన్నాళ్లైంది అని రాశాం. ఆ ఫోను ఇంగ్లీషులోనే చేస్తారా అని నేనడిగితే, దుబాసీని పెట్టొచ్చు గానీ అది రోగి ఖాతాలో రాయాలా, చూసుకునే మనిషి ఖాతాలో రాయాలా అన్నది తేలలేదన్నాడు మేనేజర్. మా అత్తగారి లాంటివాళ్లకైతే అసలు ఖాతాయే లేదు. వచ్చే మీటింగులో మొదటి అంశం అదే.